ఇక మీరు లేవండి

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇతరుల పేర్లు గట్టిగా పిలవడంతోనే సరిపోయింది ఆయనకి. బందరు కోర్టులో డఫేదారు. తెల్ల కోటు మీద ఎర్ర పటకా, పటకా మీద ఇత్తడి బిళ్ళ పెట్టుకుని జడ్జి గారి ముందు నడవడం, కోర్టు హాలు గుమ్మంలో నిలబడి వాదినీ ప్రతివాదినీ పేరుపెట్టి పిలవడం ఆయన పని. అందుకేనేమో, తన పేరు ఎవరైనా పైకి చదివితే ఇబ్బంది పడేవారు. ఒకసారి గుడి పండుగలో సేవ చేసినవాళ్ళ పేర్లు మైకులో చదువుతుంటే, తన పేరు వచ్చేలోపే లేచి బయటికి వెళ్ళి చెప్పుల దగ్గర నిలబడ్డారు.

"పేరు పిలిస్తే మన మీద ఏదో కేసున్నట్టుంటుందండీ" అన్నారు తర్వాత.

ఆయన పోయారని కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. భార్య పోయాక ఆయన కొన్నాళ్ళుగా అక్కడే ఉంటున్నారు. "మాస్టారూ, నాన్న వెళ్ళిపోయారండీ" అంది. తర్వాత, "అంగీ ఇస్త్రీ చేసే ఉందండీ. మొన్న ఆయనే చేసుకున్నారు. నన్ను ముట్టుకోనివ్వలేదు" అంది.

ఆ అంగీ గురించి చెప్పాలి. మాది కతోలిక గుడిలో గృహస్థుల కోసం ఉన్న నైట్ల సభ. ఇల్లూ వాకిలీ, ఉద్యోగాలూ వ్యాపారాలూ ఉన్న మగవాళ్ళం, కొన్ని మాటలు ఇచ్చి అందులో చేరతాం. రోజూ జపమాల చెప్పుకుంటామని, రోగుల దగ్గర కూర్చుంటామని, పోయినవాళ్ళను మోస్తామని, దివ్యసత్ప్రసాదం ముందు కాపలా ఉంటామని. వందల ఏళ్ళ కిందట ఎక్కడో పరాయి దేశంలో, యాత్రలకు వెళ్ళేవాళ్ళకు కాపలా కాసిన గుర్రపు వీరుల పేరు మాకు మిగిలింది. గుర్రాలు లేవు, కత్తులు లేవు. పాదాల దాకా వచ్చే తెల్ల అంగీ ఒకటి, దాని ఎడమ రొమ్ము మీద ఎర్ర సిలువ ఒకటి మిగిలాయి. ఆ అంగీ జన్మకి ఒకటే కుట్టించుకోవాలి. పోయినప్పుడు అందులోనే సమాధి చేస్తారు.

బందరు, గుడివాడ, దివిసీమ కలిపి మాది ఒకే శాఖ. బందరు బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు మమ్మల్ని "నైట్ డ్యూటీ సార్లు" అంటారు. మాలో కొందరికి ఆ మాట గిట్టదు. ఆయన మాత్రం నవ్వేవారు. "డ్యూటీయే కదండీ. తప్పేం అన్నారు?" అనేవారు.

ఆయన అంగీ రేకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉండేది. గుడికి తెచ్చేటప్పుడు బట్టల షాపు సంచీలో పెట్టుకుని, బస్సులో ఆ సంచీ ఒళ్ళోనే ఉంచుకునేవారు. గుడి వెనక గదిలో తీసి, సిలువను ఒకసారి ముద్దుపెట్టుకుని తొడుక్కునేవారు. గదంతా కలరా ఉండల వాసన. "బాబాయ్ గారూ, మీ దగ్గరికి బొద్దింకలే కాదు, దయ్యాలు కూడా రావు" అని నేను అంటే, "రాకూడదనే కదా" అనేవారు.

గురువారం సాయంత్రం పూజ అయ్యాక దివ్యసత్ప్రసాదాన్ని బంగారు పూత పాత్రలో బలిపీఠం మీద ఉంచుతారు. చూసేవాళ్ళకు అది గుండ్రటి తెల్లని అప్పం. స్వామి అక్కడ ఉన్నాడని మా నమ్మకం. ఉన్నవాణ్ణి ఒంటరిగా వదలకూడదు కనుక, ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి ఎదుట మోకాళ్ళ మీద ఉంటాం. నియమం ఒక్కటే: తర్వాతివాడు వచ్చి భుజం ముట్టుకునేదాకా ముందువాడు లేవకూడదు. ఆ వరుస ఎక్కడా రాసి లేదు. సభలో చేరిన క్రమాన్ని బట్టి ఏర్పడింది. ఎవరికి వాళ్ళకు తన ముందువాడెవరో తెలిస్తే చాలు. రిటైరయ్యాక చేరారు కాబట్టి ఆయన నా తర్వాత.

చాలామంది వచ్చి భుజం మీద చెయ్యి వేస్తారు. కొందరు తడతారు. ఆయన రెండు వేళ్ళు ఆనించేవారు, పొయ్యి మీది గిన్నె చల్లారిందో లేదో చూసినంత తేలిగ్గా. తర్వాత చెవి దగ్గరికి వంగి, "ఇక మీరు లేవండి. నేనున్నాను" అనేవారు. నియమంలో మాటలేవీ లేవు. ఆ మాట ఆయన సొంతం. అది విన్నప్పుడల్లా, అప్పటిదాకా మోస్తున్నానని నాకే తెలియని బరువొకటి ఎవరో అందుకున్నట్టు ఉండేది.

ఆయన మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నేను వెంటనే బయటికి వెళ్ళేవాణ్ణి కాదు. వెనక బల్ల మీద కూర్చుని చూసేవాణ్ణి. మేమందరం కళ్ళు మూసుకుంటాం. ఆయన మూసుకునేవారు కాదు. పెదాలు కదిపేవారు కాదు. కోర్టులో జడ్జి గారి గది తలుపు ముందు, అది ఏ క్షణాన తెరుచుకుంటుందో అని నిలబడే మనిషి ఎలా చూస్తాడో అలా చూసేవారు. అక్కడ నిజంగా ఎవరో ఉన్నారన్న సంగతి నేను పుస్తకాల్లో చదివాను, ఉపదేశాల్లో విన్నాను. ఆయన వీపు చూస్తున్నప్పుడు మాత్రం, తలెత్తి అటు చూడటానికే నాకు జంకుగా ఉండేది.

"కళ్ళు మూసుకోరేం బాబాయ్ గారూ?" అని అడిగాను ఒకసారి.

"కళ్ళు మూసుకుంటే కాపలా ఎలా అవుతుందండీ?"

మోకాళ్ళ కింద మెత్త వేసుకోమని ఫాదర్ గారు చెప్పినా వినలేదు. మరీ నొప్పిగా ఉన్నప్పుడు ప్యాంటు లోపల పాత తువ్వాలు ముక్కలు చుట్టుకునేవారు. నేను కోప్పడితే, "అరిగిపోతే కొత్తవి వేయడానికి విజయవాడలో డాక్టర్లున్నారు కదండీ, మీకెందుకు బెంగ" అని తీసిపారేసేవారు.

నేను కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. పాత నైట్ల గురించి దొరికినవన్నీ చదివాను. ఒక సాయంత్రం గుడి వరండాలో టీ తాగుతూ వాళ్ళ కోటల గురించీ యాత్రికుల దారుల గురించీ ఆయనకి చాలాసేపు చెప్పాను. ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు.

"వాళ్ళు డ్యూటీ ఎలా మార్చుకునేవారండీ?"

నాకు తెలియదు. ఇప్పటికీ ఎక్కడా కనబడలేదు.

గుడిలో అన్న మాటే ఆయన బయటా అనేవారు. బందరు పెద్దాసుపత్రి వార్డుల్లో మంచం పక్కన స్టూలు మీద రోజుల తరబడి కూర్చున్న ఆడవాళ్ళుంటారు. రోగికి నమస్కారం పెట్టకముందే ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్ళేవారు. "ఇక మీరు లేవమ్మా. నేనున్నాను. మొహం కడుక్కుని ఇడ్లీ తినిరండి." ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని, పేపరు మడిచి విసిరేవారు. అడిగితే తప్ప జపం పైకి చెప్పేవారు కాదు. ఒక ముసలాయన, లారీ డ్రైవరు చేసి మంచాన పడ్డవాడు, ఈయన్ని చూడగానే గొడవ పెట్టుకున్నాడు.

"నువ్వొచ్చావంటే నా పని అయిపోయిందనే గదా? పోవయ్యా బాబూ, ఇంకో మంచం చూసుకో."

"అదేం కాదు బాబాయ్. మీ ఆవిడ టీ తాగాలి. అంతే."

"టీ తాగొచ్చాక పోతావా?"

"పొమ్మంటే పోతా."

ఆమె టీ తాగి వచ్చింది. ముసలాయన పొమ్మనలేదు.

ఆయన నడక గురించి కూడా చెప్పాలి. జడ్జి గారి ముందు నడిచేవాడు వెనక్కి తిరిగి చూడకూడదట. దివ్యసత్ప్రసాదాన్ని వీధుల్లో ఊరేగించే పండుగనాడు, నలుగురు పట్టిన పందిరి కింద ఫాదర్ గారు ఆ పాత్ర పట్టుకుని నడుస్తుంటే, అందరికన్నా ముందు ఈయన నడిచేవారు. ఓ ఏడు ఒక ఇంటి అరుగు మీద పక్షవాతంతో పడుకున్న మనిషిని చూసి ఫాదర్ గారు ఉన్నట్టుండి ఆగారు. పాటలు, బ్యాండు, ఎండ. పందిరి పట్టుకున్న మేమే రెండడుగులు ముందుకు పోయి తడబడ్డాం. అంత ముందున్న ఆయన మాత్రం అదే క్షణంలో ఆగిపోయి ఉన్నారు, తల తిప్పకుండా. ఫాదర్ గారు దీవించి కదలగానే కదిలారు. ఎలా తెలిసిందని అడిగితే, "చెప్పుల చప్పుడు వింటాం కదండీ" అన్నారు. అంత బ్యాండులోనా అని అడగబోయి మానుకున్నాను. ఆ జవాబులో గొప్పేమీ లేదు. దాన్నే ఇన్నేళ్ళుగా తలుచుకుంటున్నాను.

పేట నుంచి వచ్చిన ఆయన్ని సభలో చేర్చుకునేటప్పుడు గునిసినవాళ్ళున్నారు. మా గుళ్ళలో ఒకప్పుడు ఊరి బయటి పేటలవాళ్ళు కూర్చునే చోటు వేరు, ఆసాములు కూర్చునే చోటు వేరు. ఆ గీతలు నేల మీద పోయినా మనుషుల్లో కొంత మిగిలే ఉన్నాయి. మా ప్రెసిడెంటు గారు గుడివాడ రైసు మిల్లు యజమాని. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. ఎవరింట్లో చావైనా మొదటి బియ్యం బస్తా ఆయన మిల్లు నుంచే వెళ్తుంది. కానీ "డఫేదారుకి అంగీ ఏమిటయ్యా, ఉన్న పటకా చాలదా?" అన్నది ఆయనే. ఈయనకి ఆ మాట తెలుసు. ప్రెసిడెంటు గారు ఎప్పుడు ఎదురైనా ఈయన పక్కకి జరిగి దారి ఇచ్చేవారు, కోర్టులో అందరికీ ఇచ్చినట్టే. ప్రెసిడెంటు గారు కూడా ఆయన్ని "బ్రదర్" అనేవారు కాదు. "ఏమయ్యా డఫేదారూ" అనేవారు.

ఈ ఇద్దరి మధ్యా జరిగిందే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. జరిగింది గుడిలో కాదు.

చాలా ఏళ్ళ కిందటి మాట, వాయుగుండం వచ్చి వెళ్ళింది. దివిసీమలో మా సభకు చెందిన ఒక చిన్న గుడి పైకప్పు ఎగిరిపోతే, ఊళ్ళోవాళ్ళకు బియ్యం, దుప్పట్లు తీసుకుని కొందరం రెండు బండ్లలో వెళ్ళాం. కప్పు లేని గుడిలో ఫాదర్ గారు పూజ చేశారు. పూజ అయ్యాక, నాగాయలంక దాటి సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పాలెంలో కూడా సాయం కావాలని ఎవరో చెబితే, ఉన్న బట్టలతోనే బయల్దేరాం. అంటే అంగీలతోనే. అది పొరపాటని మాలో ఎవరికీ తోచలేదు.

పాలెం అంతా హిందువులు. ఒడ్డున ఇసుకలో ఒకామె సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది. చిన్న వయసు. ఆమె మొగుడు వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. వాతావరణం బాగోలేదు, వెళ్ళొద్దని ఆమె పోట్లాడితే, అతను నవ్వుతూ, "నేనొచ్చేదాకా ఇక్కడే కూకో, పో" అని వెళ్ళాడట. ఆమె అక్కడే కూర్చుంది. గుడిసెలో కూతురు జ్వరంతో ఉంది. ఆ గాలిలోకి పిల్లను తేలేరు. ఈమె లేవదు.

"ఇది లెగదు బాబూ" అంది ఆమె అత్త మాతో. "పిల్ల అమ్మా అమ్మా అని కలవరిస్తంది. ఇది లెగిస్తే వాడు రాడంట. కూడు లేదు, నీళ్ళు లేవు. ఇద్దరూ పోయేట్టున్నారు."

మేం దగ్గరికి వెళ్ళాం. మా అడుగుల చప్పుడుకి ఆమె తిరిగి చూసింది. ఒక్కసారిగా చేతులు అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఆ తెల్లగుడ్డలు తీసుకుపోండి! ఎవరు సచ్చారని తెచ్చారు? నా మొగుడు బతికే ఉన్నాడు. పొండి!"

అప్పుడు మమ్మల్ని మేం చూసుకున్నాం. తెల్లగుడ్డలు కప్పుకున్న మగవాళ్ళు ఒక గుంపు, చేతుల్లో జపమాలలు. పోయినవాడి కోసం వచ్చినట్టే ఉన్నాం. ప్రెసిడెంటు గారి మొహం ఎర్రబడింది. "అంగీని పట్టుకుని ఏం మాటలవి? పదండి బ్రదర్స్. బియ్యం ఇచ్చేసి వెళ్దాం" అన్నారు.

ఆయన కదల్లేదు. అంగీ విప్పారు. నలుగురిలో ఆయన దాన్ని విప్పడం నేనెన్నడూ చూడలేదు. సిలువ లోపలికి పోయేలా మడతపెట్టి నా చేతికిచ్చారు. జపమాల జేబులో వేసుకున్నారు. వెళ్ళి ఆమెకు కాస్త ఎడంగా తడి ఇసుకలో కూర్చున్నారు. ఆమె చూస్తున్న వైపే చూస్తూ చాలాసేపు ఉన్నారు. గుడిలో చూసే చూపే. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆయన చూపు ఏమీ మారలేదు, అందుకు.

తర్వాత, పరాయి ఆడమనిషిని ముట్టుకోకూడదు కనుక, ఆమె పక్కన ఇసుక మీద రెండు వేళ్ళు ఆనించారు.

"ఇక మీరు లేవమ్మా. నేనుంటాను."

"నువ్వెవరు? ఆయనెట్టుంటాడో నీకేం తెల్సు?"

"చెప్పండి."

ఆమె చెప్పింది. నీలం పడవ, అంచుకి పసుపు చార. ముందు పన్ను ఒకటి విరిగి ఉంటుంది. ఎర్ర బనీను. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఆయన కోర్టులో సాక్షి మాటను తిరిగి చెప్పినట్టు, ఒక్కటీ వదలకుండా ఆమెకి తిరిగి చెప్పారు.

"నువ్వు లెగిసిపోవు గదా?"

"ఇంకొకరు వచ్చి కూర్చునేదాకా లేవను."

"ఒట్టు?"

మా మతంలో ఒట్టు పెట్టకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు అనాలి, అంతే. ఆయన సముద్రం మీద నుంచి చూపు తిప్పకుండా, "ఒట్టు" అన్నారు.

ఆమె లేచింది. కాళ్ళు నిలవక తూలితే అత్త పట్టుకుంది. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ గుడిసెలోకి వెళ్ళింది.

ప్రెసిడెంటు గారు దగ్గరికి వచ్చారు. "ఏమయ్యా డఫేదారూ, ఏమిటిది? గుడిలో అయితే స్వామి ఉన్నాడు. ఇక్కడేముంది? నీళ్ళు తప్ప?"

"ఆవిడకి మాటిచ్చానండీ."

"ఎన్నాళ్ళు కూర్చుంటావు?"

"తర్వాతివాళ్ళు వచ్చేదాకానండీ."

ప్రెసిడెంటు గారు బియ్యం దింపించి, బండెక్కి గుడివాడ వెళ్ళిపోయారు. ఆయన తల తిప్పకుండానే నన్ను పిలిచారు. "మాస్టారూ, నా తర్వాతి బ్రదర్‌కి కబురు చెయ్యండి. అంగీ వద్దని చెప్పండి."

అలా మొదలైంది. బందరు నుంచి, గుడివాడ నుంచి, మా సభవాళ్ళు బస్సుల్లో వచ్చారు. గుడిలో వరుస ఏదో అక్కడా అదే వరుస. ఒకరు వచ్చి భుజం ముట్టుకుంటే ఒకరు లేచేవారు. నా వంతులో అలవాటు కొద్దీ జపమాల తీశాను. ఆయన అప్పటికింకా ఊరికి వెళ్ళలేదు. వెనక నుంచి మెల్లిగా, "వద్దు మాస్టారూ. ఆవిడ చూస్తే పోయినవాడికి చెబుతున్నామనుకుంటుంది. చూడండి, అంతే" అన్నారు. చూశాను. జపం లేకుండా కూర్చోవడం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. నీలం పడవ, పసుపు చార. ప్రతి కెరటం వెనకా ఉన్నట్టే ఉంటుంది.

ఆమె పిల్ల దగ్గర కొంతసేపు ఉండి, గంజి తాగి, మళ్ళీ వచ్చేది. మేం మార్చుకునే పద్ధతి చూస్తూనే నేర్చుకుంది. తానొచ్చినప్పుడు కూర్చున్నవాళ్ళ భుజం మీద రెండు వేళ్ళు పెట్టి, "లెగండి బాబూ. నేనున్నా" అనేది. ఆమె వచ్చాక మేం లేస్తే తప్పు కాదని ఆయన మాకు ముందే చెప్పారు. పిల్లకి జ్వరం తగ్గింది.

ఒక పొద్దున ఆయన వంతులో, కారు వచ్చి ఆగింది. ప్రెసిడెంటు గారు దిగారు. అంగీ లేదు. బూట్లు చేత్తో పట్టుకుని, ఇసుకలో ఆయాసపడుతూ నడిచి వచ్చారు. కాసేపు నిలబడ్డారు. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు, "ఇక లేవయ్యా. నేనున్నాను" అన్నారు.

ఆయన లేచి పక్కకి జరిగి దారి ఇచ్చారు. ప్రెసిడెంటు గారు ఆ భారీ శరీరంతో మెల్లిగా ఇసుకలో కూర్చున్నారు.

ఆ వంతులోనే ఆమె మొగుడు వచ్చాడు, ప్రాణం లేకుండా. పాలెంవాళ్ళ పడవలు రెండు వెతకడానికి వెళ్ళి, అతన్ని తీసుకువచ్చాయి. నీలం పడవ దొరకలేదు. ఎర్ర బనీను దూరం నుంచే కనబడింది. ప్రెసిడెంటు గారు లేచి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి, అతన్ని ఒడ్డుకు మోసినవాళ్ళలో ఒకరయ్యారు. తర్వాత తడి బట్టలతో తానే గుడిసెకు వెళ్ళారు. నేను కొంచెం దూరంలో ఉన్నాను. ఆమె అరవలేదు. గుమ్మం పట్టుకుని ఒక్కటే అడిగింది.

"ఆయనొచ్చేటప్పటికి ఒడ్డున ఎవురన్నా ఉన్నారా?"

"ఉన్నాను తల్లీ" అన్నారు ప్రెసిడెంటు గారు. "నేనున్నాను. చూస్తూనే ఉన్నాను."

అప్పుడు ఏడ్చింది. ప్రెసిడెంటు గారు అక్కడే నిలబడ్డారు. పాలెంవాళ్ళు తమ పద్ధతిలో సాగనంపారు. మేం జపమాలలు తీయలేదు, వెనక నిలబడ్డాం.

తిరుగు ప్రయాణంలో కారులో ముగ్గురం ఉన్నాం. మోపిదేవిలో గుడికి వచ్చిన జనం రోడ్డు దాటుతుంటే కారు ఆగింది. ప్రెసిడెంటు గారు, అద్దంలోంచి బయటికి చూస్తూ, "బరువుగా ఉన్నాడయ్యా మనిషి" అన్నారు. తర్వాత, "బ్రదర్, నువ్వు టిఫిను చేశావా పొద్దున్న?" అన్నారు. వెనక సీట్లో ఉన్నాయన, "లేదండీ" అన్నారు. ఆ పిలుపు ఆయన గమనించినట్టే లేదు.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఆమె మాత్రం మర్చిపోలేదు. అవనిగడ్డలో చేపలమ్ముకుంటూ కూతుర్ని చదివించుకుంది. బందరు బస్సు కండక్టర్ల చేతికిచ్చి ఎండు రొయ్యల పొట్లం పంపేది. వాటిని ఆయన మా అందరికీ పంచేవారు. పొట్లం వచ్చిన వారమల్లా ఆయన సంచీలో కలరా ఉండల వాసనతో పాటు ఆ వాసన కూడా. దివ్యసత్ప్రసాదం ముందు ఆ రెండు వాసనలు కలిసి నా దాకా వచ్చేవి. ఫాదర్ గారు ఒకసారి ముక్కు ఎగబీల్చి, "ఎవరయ్యా వంట చేస్తున్నది?" అన్నారు.

గుడ్లవల్లేరు నుంచి ఆయన్ని మధ్యాహ్నానికల్లా బందరు గుడికి తెచ్చారు. సమాధి సాయంత్రం. తెల్ల అంగీ, ఇస్త్రీ మడతలు ఇంకా నిలిచే ఉన్నాయి. చేతులకు జపమాల చుట్టారు. పెట్టెను బలిపీఠం ముందు ఉంచారు. సభలో ఒకరు పోతే సమాధి దాకా పెట్టె దగ్గర కూడా గురువారం వరుసలోనే కాపలా ఉంటాం. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వరుసలో నా వంతు వచ్చింది. నా ముందున్న బ్రదర్ భుజం ముట్టుకుని లేపి, మోకాళ్ళూనాను.

ఆయన చూసినట్టు కళ్ళు తెరిచి చూశాను. చాలాసేపు అయింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఎవరూ రాలేదు. ఇంకా కొంతసేపు అయింది. అప్పుడు గుర్తొచ్చింది, నా తర్వాత వచ్చేది ఆయన. మేమెవరమూ దాని గురించి ఆలోచించలేదు. ఎవరికి వాళ్ళకు తన ముందువాడెవరో తెలుసు, అంతే. ఆయన తర్వాతివాడు బ్యాంకులో పనిచేసే కుర్ర బ్రదర్. అతను బయట వరండాలో కూర్చుని ఉన్నాడు. తర్వాత చెప్పాడు, "ఆయన లోపలే ఉన్నారు కదా అనుకున్నానండీ. ఆయన వంతు కాలేదేమో అని ఆగాను" అని.

నేను ఎవరినైనా పిలవచ్చు. పిలవాలనిపించలేదు. వంతు ఆయనది. ఆయన ఎదురుగానే ఉన్నారు. జపమాల చుట్టిన చేతిలో రెండు వేళ్ళు కాస్త విడిగా ఉన్నాయి. ఆ వేళ్ళ వంక చూస్తూ అలాగే ఉన్నాను. గుడి చాలా నిశ్శబ్దంగా ఉంది. పుస్తకాల్లో చదివిన ఏ మాటా ఆ నిశ్శబ్దానికి సరిపోదు కనుక రాయను. ఆయన వస్తారని నేను ఎదురుచూశానని మాత్రం రాస్తాను. అది నిజం.

వెనక నుంచి చెప్పులు లేని అడుగుల చప్పుడు వినబడింది. నేను తల తిప్పలేదు. ఎండు చేపల వాసన వచ్చింది. నా భుజం మీద రెండు వేళ్ళు ఆనాయి.

"లెగండి బాబూ. నేనున్నా."

అవనిగడ్డ బస్సు దిగి వచ్చింది ఆమె. వెనక గుమ్మం దగ్గర ఆమె కూతురు నిలబడి ఉంది, పొడుగ్గా, తల మీద చున్నీ వేసుకుని. తల్లికి మోకాళ్ళూనడం తెలియదు. నేను లేచిన చోట నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరిచి ఆయన్ని చూస్తూ ఉండిపోయింది.

వరండాలోకి వచ్చాను. కుర్ర బ్రదర్ అంగీ సర్దుకుంటూ కంగారుగా లేచాడు. లోపలికి చూశాడు. ప్రెసిడెంటు గారు చేతికర్ర ఆనించుకుని అక్కడే కుర్చీలో ఉన్నారు.

"మాస్టారూ, ఇప్పుడు నేనెవరి తర్వాతండీ?" అన్నాడు అతను.

నాకన్నా ముందు ప్రెసిడెంటు గారే అన్నారు.

"ఆవిడ తర్వాతయ్యా. అంగీ ఇక్కడ విప్పేసి వెళ్ళు."